మీ ఇంటికి సిగ్నల్ లేదండీ

అభినందనలతో మొదలైంది ఆ మెయిలు. మీ ఇంటికి స్మార్ట్ మీటరు పెట్టేశాం, ఇక రీడింగు చూసి పంపే బాధ మీకు లేదు, మీటరే మాకు పంపుకుంటుంది, నిశ్చింతగా ఉండండి అని రాశారు. కింద నవ్వుతున్న బల్బు బొమ్మ. దాని వెనకాలే అదే కంపెనీ నుంచి ఇంకోటి దిగింది. మీ మీటరు నుంచి రీడింగు అందలేదు, దయచేసి మీరే చూసి పంపండి, లేదంటే అంచనా మీద బిల్లు వేస్తాం. ఈసారి బొమ్మా లేదు, నవ్వూ లేదు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని దానం గురించి చెప్పారు మన పెద్దలు. వీళ్ళు మీటర్ల విషయంలో కూడా పాటిస్తున్నారు.

ఆ మీటరు పెట్టడానికి వచ్చినతను చాలా మంచివాడు. ఆ మాట ముందే చెప్పేయాలి, ఎందుకంటే ఈ దేశంలో నా గొడవలన్నీ మంచివాళ్ళతోనే. గుమ్మం దగ్గర ఆగి, బూట్లకి నీలం ప్లాస్టిక్ తొడుగులు తొడుక్కుని, లోపలికి రావచ్చా అని అడిగి గానీ అడుగు పెట్టలేదు. మెట్ల కింద అలమరలో, చీపుర్లూ గొడుగులూ అన్నీ నేను బయటపడేశాక, మోకాళ్ళ మీద కూచుని పాత మీటరు ఊడదీశాడు. కొత్తది బిగించాడు. దాని నెత్తిన హబ్ అని చిన్న పెట్టె ఒకటి కూచోబెట్టాడు. దాని ముఖాన వరసగా సన్నటి దీపాలు. వాటిలో ఒకదానికింద వాన్ అని రాసుంది. అది నెమ్మదిగా, కుదురుగా మిణుకుమంటే మీటరుకి బయటి ప్రపంచంతో సంబంధం కుదిరినట్టు. ఇద్దరం దాని ముఖం చూస్తూ కూచున్నాం. అల్లం టీ ఇచ్చాను, తాగాడు. ఇంకో కప్పు ఇచ్చాను, అదీ తాగాడు. ఆ దీపం మాత్రం కుదురుకోలేదు.

"మీ ఇంటికి సిగ్నల్ లేదండీ" అన్నాడు, పరామర్శకి వచ్చినవాడి గొంతుతో.

తర్వాత సంచీలోంచి టాబ్లెట్ తీశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, కిటికీ దగ్గరికి వెళ్ళాడు. పని పూర్తయినట్టు ఆఫీసుకి తెలియజేయాలిట. మొహమాటపడుతూ అడిగాడు: మీ వైఫై పాస్‌వర్డ్ ఇస్తారా? ఇచ్చాను. నా ఇంటి వైఫై మీద, నా కళ్ళముందే, ఈ ఇంటికి సిగ్నల్ లేదని పైవాళ్ళకి రాసి పంపాడు. చక్కగా వెళ్ళింది. క్షణం పట్టలేదు.

ఆ అలమరకి అవతల గోడకే ఉంది మా ఫైబర్ డబ్బా. మీటరుకీ దానికీ మధ్య నా రెండడుగుల దూరం. దాని మీద నేను రోజూ ఆఫీసు పని చేస్తాను. రాజమండ్రిలో అమ్మతో వీడియోలో మాట్లాడతాను, ఆవిడ మామిడికాయ తురుముతుంటే తురుం చిన్నదా పెద్దదా కూడా కనిపిస్తుంది. రోజుకి నాలుగంకెలు పంపడానికి మాత్రం అది పనికిరాదట.

మేముండే చోటు గురించి చెప్పాలి. మా అన్నయ్య దృష్టిలో బ్రిటన్ అంటే లండనే. "లండన్లో కూడా సిగ్నల్ ఉండదేవిటే?" అని ఆశ్చర్యపోతాడు. లండన్ నుంచి మా ఇంటికి రావాలంటే ఒక పగలంతా కారు నడపాలి అన్నయ్యా అని ఎన్నిసార్లు చెప్పినా అంతే. మాది స్కాట్లండ్, పెర్త్‌కి పైన, పిట్‌లాక్రీ దాటి పడమటికి తిరిగితే వచ్చే లోయ. మా ఆయన ఆస్పత్రి ఉద్యోగం మమ్మల్నిక్కడికి తెచ్చింది. రెండడుగుల మందం రాతి గోడల ఇల్లు. ఎదర సరస్సు, వెనక కొండ, చుట్టూ గొర్రెలు. ఆ పక్కన షిహాలియన్ శిఖరం. ఆ కొండ సామాన్యమైంది కాదు. 1774లో నెవిల్ మాస్కెలిన్ అనే ఆస్థాన ఖగోళ శాస్త్రజ్ఞుడు దాని రెండు పక్కలా వడంబం వేలాడదీసి, కొండ ఆకర్షణకి గుండు ఎంత పక్కకి వాలుతోందో నక్షత్రాల సాయంతో కొలిచాడు. ఆ లెక్క పట్టుకుని భూమి సాంద్రత అంచనా కట్టారు. వడంబపు గుండునే తనవైపు లాక్కున్న కొండకి నా మీటరు సంకేతం ఒక లెక్కా?

అయినా ఇన్నేళ్ళూ ఇదే కొండ పక్కన, ఇదే రాతింట్లో, ఇదే అలమరలో మీటరుకి సిగ్నల్ వచ్చేది. నన్ను కాల్చుకు తింటున్నది అదే.

ఈ లోయకి గ్యాసు పైపు రాలేదు. చలికాలం గడిచేది కరెంటు హీటర్లతోనే. గదికొకటి చొప్పున గోడకానించి బరువైన హీటర్లుంటాయి, లోపలంతా ఇటుకలు. రాత్రిపూట చౌక కరెంటుతో ఆ ఇటుకలు కాలతాయి, పగలంతా ఆ వేడిని మెల్లగా వదులుతాయి. వాటిని ఎప్పుడు వెలిగించాలో చెప్పేది మీటరు పక్కనుండే బూడిదరంగు పెట్టె. ఆ పెట్టెకి చెప్పేది బీబీసీ. నిజంగానే. రేడియో ఫోర్ లాంగ్ వేవ్, 198 కిలోహెర్ట్జ్. ఒక పక్క క్రికెట్ కామెంటరీ, ఇంకో పక్క ఓడలవాళ్ళకి వాతావరణ సూచన వినిపిస్తూనే, వినేవాళ్ళ చెవికి తెలియకుండా అదే ప్రసారంలో మీటర్లకి ఆదేశాలు కలిపి పంపేవారు. 1980లలో పెట్టిన ఏర్పాటు. ఆ అల పొడవు కిలోమీటరున్నర. కొండ అడ్డొస్తే వంగి వెళ్తుంది, రాతిగోడని ఖాతరు చేయదు. రాత్రి పొద్దుపోయాక మెట్ల కింద టక్‌మని చప్పుడయ్యేది. ఎక్కడో స్టూడియోలో ఉన్న రేడియోవాళ్ళు నా పడకగదిలో ఇటుకలు కాల్చడం మొదలుపెట్టారన్నమాట. ఈ దేశం మీద నాకు నిజంగా గౌరవం కలిగిన సందర్భాల్లో ఆ టక్ ఒకటి.

దాన్ని తీసేశారు. ఆ ప్రసార కేంద్రాల్లో వాడే పెద్ద గాజు వాల్వులు చేసేవాళ్ళే లేరట, ముసలిదైపోయిందట, 2025 జూన్ 30 నుంచి దశలవారీగా కట్టేస్తాం, అందరూ స్మార్ట్ మీటర్లు పెట్టించుకోండి, లేకపోతే హీటర్లు ఆగితే ఆగిపోవచ్చు, వెలిగితే వెలుగుతూనే ఉండిపోవచ్చు అని ఉత్తరం మీద ఉత్తరం. పాతబడ్డదాన్ని మార్చకతప్పదు, ఒప్పుకుంటాను. కానీ ఆ పాతపెట్టెలు ఎక్కువగా ఉన్నదెక్కడ? గ్యాసు రాని పల్లెల్లో, కొండల్లో, లోయల్లో. కొత్త సిగ్నల్ అందనిదెక్కడ? అవే పల్లెల్లో, అవే కొండల్లో. ఈ రెండు పటాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసినవాడు లేడా?

వచ్చినతను మంచివాడన్నాను కదా. సిగ్నల్ లేకపోయినా హీటర్లు రాత్రి వెలిగేలా వేళలు మీటర్లోనే అమర్చి వెళ్ళాడు. లేకపోతే ఈపాటికి నేను కాలమ్ రాయడం కాదు, దుప్పట్లో ముడుచుకుని ఉండేదాన్ని. వాడకం చూపించే చిన్న తెర ఒకటి ఇస్తారు, వంటగదిలో పెట్టుకోవడానికి. దాన్ని మాత్రం పెట్టెలోంచి తీయకుండానే మళ్ళీ వ్యాన్లో పెట్టేశాడు. మాకది ఏమీ చూపించదట.

కంపెనీకి ఫోన్ చేశాను. అటువైపు అమ్మాయి ఎంతో మర్యాదగా వినింది, క్షమాపణ చెప్పింది. ఇక్కడ క్షమాపణకి లోటుండదు, అడక్కుండానే పెడతారు. సిగ్నల్ సంగతి మా చేతుల్లో లేదండీ, అది నెట్‌వర్క్ వాళ్ళది అంది. సరే, వాళ్ళ నంబరివ్వమ్మా అన్నాను. వాళ్ళు వినియోగదారులతో నేరుగా మాట్లాడరట. మరి వాళ్ళతో ఎవరు మాట్లాడతారు? మేమేనండీ. అయితే మాట్లాడండి. మాట్లాడాం, మీ ఇంటికి సిగ్నల్ లేదన్నారు. ఇక్కడికి వచ్చేసరికి నాకు కోపం కన్నా పౌరుషం ఎక్కువొచ్చింది. మా ఇంటికి లేకపోవడం ఏమిటి? ఇల్లు ఇక్కడ వందేళ్ళకి పైగా ఉంది. దాన్ని వెతుక్కుంటూ రావాల్సింది మీ సిగ్నలు. బస్సు రాని ఊరికి బస్సు లేదంటాం గానీ, ఊరే బస్సుస్టాండుకి నడిచి వెళ్ళలేదని తప్పు పడతామా?

ఏంటెన్నా లాంటిదేదైనా పెట్టొచ్చేమో ఇంకొకర్ని పంపి చూస్తామంది. ఆయన బయల్దేరే ముందు మీ మొబైల్‌కి ఫోన్ చేస్తారు, ఎత్తకపోతే అపాయింట్‌మెంట్ రద్దవుతుంది అని కూడా అంది. సిగ్నల్ లేదని ఫోన్ చేస్తే, సిగ్నల్ ఉందో లేదో ఫోన్ చేసి చూస్తారట. మొబైల్ మా ఇంట్లో మోగేది కూడా వైఫై పుణ్యమే అని చెప్పాను. అయితే ఇబ్బంది లేదు కదండీ అంది సంతోషంగా.

ఆ వైఫైనే మీటరుకీ తగిలించమని నేను అడగని మనిషి లేడు. జవాబు మాత్రం అన్నిచోట్లా ఒకటే, భద్రత. ఈ మీటరు రీడింగు పంపడమే కాదు, కావాలంటే దూరం నుంచే కరెంటు ఆపగలదు. కోట్ల మీటర్లున్న ఆ తీగ ఎవడైనా చొరబాటుదారుడి చేతికి చిక్కితే దేశం చీకటవుతుంది. అందుకే గూఢచర్య సంస్థ జీసీహెచ్‌క్యూ నిపుణులని కూడా కూచోబెట్టుకుని తాళం మీద తాళం వేసి దీనికంటూ వేరే దారి కట్టారు. స్కాట్లండుకీ ఉత్తర ఇంగ్లండుకీ ప్రత్యేకంగా రేడియో టవర్లు, దక్షిణానికీ వేల్స్‌కీ మొబైల్ నెట్‌వర్కు. నూటికి 99 ఇళ్ళకి పైగా అందుతుందని లెక్క. ఆ మిగిలినదాంట్లో ఉన్నాం మేమూ మా గొర్రెలూ. కారణం సబబైనదే, కాదనను. అంత కాపలా పెట్టిన దారి మా గుమ్మందాకా రాకపోవడమే నా బాధ. దొంగల సంగతి తర్వాత, ముందు మీటరు చొరబడలేకపోతోంది.

పోనీ మాకొక్కళ్ళకేనా అంటే, 2023 చివరికి దేశంలో సరిగా పనిచేయని స్మార్ట్ మీటర్లు దాదాపు 40 లక్షలని ప్రభుత్వమే చెప్పింది. ఓదార్పుగా ఉండాలి. లేదు.

ఇంతకీ రీడింగు చూసి పంపడానికి ఏడుపేమిటి, నెలకోసారి వంగితే పోయేదేముంది అంటారా? రీడింగు కాదు సమస్య. మీటరు అరగంటకోసారి, అంటే రోజుకి 48 సార్లు లెక్క రాసుకుని పంపితేనే ఇక్కడ కొత్తరకం చౌక రేట్లు. గాలి బాగా వీచి కరెంటు పొంగిపొర్లే రాత్రుల్లో యూనిట్ ధర పడిపోతుంది. బట్టల మిషనూ కారు చార్జింగూ అప్పుడు పెట్టుకున్నవాడు బాగుపడతాడు. గాలి ఎక్కడ వీస్తుంది? మా నెత్తిన. రోజూ కట్టాల్సిన స్థిర చార్జీ ఎవరికెక్కువ? లండన్ వాళ్ళకన్నా ఉత్తర స్కాట్లండ్ వాళ్ళకి. ఆ చౌకరేటు ఎవరికి లేదు? మళ్ళీ మాకే.

నీళ్ళ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. మా ఇంటికి ఎగువనా దిగువనా జలవిద్యుత్ కేంద్రాలే. రానక్ కేంద్రం 1930లో, టమ్మెల్ కేంద్రం 1933లో మొదలయ్యాయి. పక్కింటి పెద్దాయన ఎనభైలు దాటినవాడు, ఒకప్పటి హైడ్రో బోర్డు ఉద్యోగి. హైలాండ్స్‌లో పాతతరం వాళ్ళు ఇప్పటికీ కరెంటు కంపెనీని హైడ్రో అనే అంటారు, కంపెనీ పేరు ఎన్నిసార్లు మారినా. 1943లో టామ్ జాన్‌స్టన్ అనే స్కాట్లండ్ మంత్రి పట్టుబట్టి ఆ బోర్డు పెట్టించేదాకా, ఈ నీళ్ళతో తీసిన కరెంటు లోయ దాటి వెళ్ళిపోయేది, లోయలో వాళ్ళు మాత్రం కిరసనాయిలు దీపాలే పెట్టుకునేవాళ్ళని ఆయన చెప్తాడు. వాళ్ళింటికి కరెంటు వచ్చిననాడు వాళ్ళమ్మ స్విచ్చి వేసి, ఇంటి మూలల్లో ఇంత దుమ్ముందా అని సిగ్గుపడిందట. పిట్‌లాక్రీ ఆనకట్ట కూడా ఆ బోర్డు కట్టిందే, 1951లో పూర్తయింది. ఊరు పాడైపోతుందని మొదట జనం ఎదురుతిరిగారు, ఇప్పుడు యాత్రికులు దాన్ని చూడ్డానికే వస్తారు. సాల్మన్ చేపలు పైకి ఈదడానికి దాని పక్కనే 34 మడుగుల మెట్లు కట్టారు. ఎన్ని చేపలు ఎక్కాయో లెక్కపెట్టే యంత్రం కూడా ఉంది. అట్లాంటిక్ నుంచి వచ్చిన చేప ఆ మెట్టెక్కితే లెక్క తప్పదు. నేను ఇడ్లీకి పిండి రుబ్బితే ఎన్ని యూనిట్లయిందో ఎవరికీ తెలియదు.

అన్నయ్యకి ఫోన్లో ఇదంతా చెప్తే కడుపుబ్బ నవ్వాడు. "మేమిక్కడ వద్దు మొర్రో అంటుంటే, నువ్వు కావాలని ఏడుస్తున్నావా?" అన్నాడు. నిజమే. మన దగ్గర స్మార్ట్ మీటరంటే జనం భయం వేరు. మోటార్లకి మీటర్లన్న మాట రెండు రాష్ట్రాల ఎన్నికల సభల్లోనూ ఎంత మోగిందో మీకు నేను చెప్పాలా? 2020లో శ్రీకాకుళం జిల్లాలో వ్యవసాయ మోటార్లకి మొదట పెట్టినప్పుడే ఉచిత కరెంటుకి ఎసరన్నారు. ఆ తర్వాత ఇళ్ళకీ అన్నారు. దేశమంతా 25 కోట్ల ప్రీపెయిడ్ మీటర్లు పెట్టాలని కేంద్రం లక్ష్యం. రీచార్జి అయిపోతే అర్ధరాత్రి ఫ్యాను ఆగిపోతుందేమోనని అన్నయ్య బెంగ. ఆగదులే, ఊరికే బెదరకు అని నేను. నీ మీటరు పనిచేశాక నాకు చెప్దువుగానిలే అని వాడు.

"అయినా మనకి మీటర్ రీడింగు అబ్బాయి ఉన్నాడు కదే" అన్నాడు చివరికి. అంతే, నాలో ఊరు లేచింది.

నెల మొదట్లో వచ్చేవాడు మెడలో మిషన్ వేసుకుని. గేటు దగ్గర్నుంచే "మీటరండీ" అని కేక. మీటరుకి మిషన్ చూపించి, అక్కడికక్కడే బిల్లు చించి ఇచ్చేవాడు. అమ్మ మజ్జిగ ఇచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, బిల్లులో మొదట చూసేది యూనిట్లు కాదు, తేదీ. నెల దాటి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాడో, యూనిట్లు పై శ్లాబులోకి వెళ్ళిపోతాయి, రేటు మారిపోతుంది. "ఆలస్యంగా వచ్చింది నువ్వు, కట్టేది నేనా?" అని అమ్మ. "ఎక్కువ రాలేదు పిన్నిగారూ, చూడండి" అని అతను. ఒక మనిషి. ముఖం ఉన్న మనిషి. తిట్టడానికైనా, మజ్జిగ ఇవ్వడానికైనా ఎదురుగా ఒకడుండేవాడు. ఇక్కడ నేనెవర్ని తిట్టను? వాన్ దీపాన్నా?

ఇంతదూరం రాశాక గుర్తొస్తోంది, మనింటికి తాళం వేసి ఉంటే డోర్ లాక్ అని కొట్టేసి సగటు బిల్లు పడేసేవాడు ఆ అబ్బాయే. అంచనా బిల్లు వీళ్ళు కనిపెట్టిందేం కాదు. వర్షం చినుకు పడగానే తీసేసే కరెంటు సంగతి సరేసరి. కాబట్టి ఈ పోలిక ఇక్కడితో ఆపేస్తాను. నేను చెప్పాలనుకున్నది రాజమండ్రి గురించి కాదు కూడా. మోతుగూడెం గురించి.

నాన్నగారు దిగువ సీలేరు పవర్‌హౌసులో ఆపరేటరు. అప్పట్లో ఖమ్మం జిల్లా, 2014 తర్వాత ఆంధ్రలోకి వచ్చింది ఆ ప్రాంతం. నా చిన్నతనమంతా మోతుగూడెం కాలనీలో. చుట్టూ అడవి. 115 మెగావాట్ల యంత్రాలు నాలుగు, మొత్తం 460 మెగావాట్లు, అక్కడ తయారై అడవి మీదుగా మైదానానికి వెళ్ళిపోయేవి. కాలనీలో వీధి వీధికీ దీపాలు. కాలనీ దాటితే కొండరెడ్ల గూడేలు, కోయ గూడేలు, కటిక చీకటి. వెలుగు తయారయ్యే చోటే చీకటుండడం నాకు అప్పట్లో వింతగా అనిపించలేదు. పక్కింటి పెద్దాయన కిరసనాయిలు దీపాల కథ చెప్తున్నప్పుడు అనిపించింది, ఇంతదూరం వచ్చి విన్నాక.

బయటికి ఫోను కావాలంటే పోస్టాఫీసులో ట్రంకాల్ బుక్ చేసి పొద్దస్తమానం కూచోవాలి. వానాకాలంలో చెట్టుకొమ్మ పడితే ఆ తీగా తెగేది. కానీ నాన్నగారి కంట్రోల్ రూములో బల్ల మీద నల్ల ఫోను ఒకటుండేది. అది ఏ తుఫానులోనైనా మోగేది. ఎత్తితే హైదరాబాదులో లోడ్ డిస్పాచ్ వాళ్ళు. ఎన్ని మెగావాట్లు పెంచాలి, ఏ యంత్రం ఆపాలి, అన్నీ ఆ ఫోన్లోనే. ఒకసారి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అడిగాను, ఈ ఫోనుకి తీగెక్కడుంది నాన్నగారూ అని. చెయ్యి పట్టుకుని స్విచ్‌యార్డ్ కంచె దగ్గరికి తీసికెళ్ళి చూపించారు. హైటెన్షన్ లైను మొదట్లో పీపా అంత తీగచుట్ట వేలాడుతోంది. దాన్ని వేవ్ ట్రాప్ అంటారమ్మా, కరెంటుని పోనిస్తుంది, మాటని యార్డులోకి రానీకుండా ఫోనుకి మళ్ళిస్తుంది అన్నారు. కరెంటు వెళ్ళే తీగ మీదే మాట కూడా వెళ్తోందన్నమాట. 1980లలో. సీలేరు అడవిలో. పవర్ లైన్ క్యారియర్ అంటారు దాన్ని. మన విద్యుత్ బోర్డుల్లో పాత ఇంజనీర్లెవర్నడిగినా చెప్తారు.

కరెంటు వచ్చే చోటికి మాట కూడా రాగలదు. మా లోయలో ప్రతి ఇంటికీ కరెంటు తీగ ఉంది. తీగ లేని ఇంటికి మీటరే ఉండదు కదా! ఇదేదో నాన్నగారి మీద ప్రేమతో చెప్తున్న మాట కాదు. ఇటలీలో ఎనెల్ సంస్థ 2001 నుంచీ మూడు కోట్ల ఇళ్ళకి అలాంటి మీటర్లే పెట్టింది. ఫ్రాన్సులో లింకీ అని చిలకపచ్చ రంగు మీటరుంటుంది, అది రీడింగుని ఇంటికొచ్చే కరెంటు తీగ మీదే వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దాకా పంపుతుంది. ఇంటి లోపలికి రేడియో వచ్చి తీరాలన్న పట్టు వాళ్ళకి లేదు.

మరి బ్రిటన్ ఎందుకలా చేయలేదు? ఫ్రాన్సులో మీటర్లు పెట్టింది తీగలు నడిపే సంస్థే. స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, మీటరు అన్నీ చూసుకునేది ఒకడే. ఇక్కడ మీటరు పెట్టే పని కరెంటు అమ్మే కంపెనీలకి అప్పగించారు. ఒకే వీధిలో మా ఇల్లొక కంపెనీ, పక్కిల్లొక కంపెనీ, ఎదురిల్లు ఇంకోటి. తీగలేమో వీళ్ళెవరివీ కావు, వేరే సంస్థవి. సిగ్నల్ వీళ్ళెవరిదీ కాదు, ఇంకో సంస్థది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రీడింగులు పోగుచేసే పెట్టె పెట్టాలంటే ఎవడు పెట్టాలి, ఎవడి డబ్బుతో? పోటీ ఉంటే ధర తగ్గుతుందన్నారు. పదిమంది చేతుల్లో పడ్డ పాము చావదన్నది మన సామెత. నా మీటరు అందరి చేతుల్లోనూ ఉంది. ఎవరి చేతిలోనూ లేదు.

ఈ ముక్క కూడా కాల్ సెంటర్ అమ్మాయికి చెప్పాను. సీలేరు, వేవ్ ట్రాప్, ఫ్రాన్సు, అన్నీ. ఓపిగ్గా వినింది. "చాలా మంచి సూచనండీ, నమోదు చేసుకుంటాను" అంది. ఎక్కడ నమోదు చేసిందో గానీ, ఆ మాటకి నేను చల్లబడ్డాను. మర్యాదతో మనిషిని నీరుగార్చడం వీళ్ళకి వెన్నతో పెట్టిన విద్య.

దక్షిణాన మొబైల్ నెట్‌వర్క్ మీద నడిచే మీటర్లకి కూడా కొత్త చిక్కొచ్చింది. 2జీ ఇక్కడ 2033కల్లా పూర్తిగా పోతుంది, ఆ హబ్‌లన్నీ మార్చి 4జీవి పెడుతున్నారు. అంటే నా అలమర దగ్గర మోకాళ్ళ మీద కూచున్నట్టే లక్షల ఇళ్ళలో మళ్ళీ కూచుంటారు. సిగ్నల్ అందని ఇళ్ళకి చివరికి ఇంటి బ్రాడ్‌బ్యాండునే వాడుకునే ఏర్పాటు కూడా పరిశీలిస్తున్నారట. అంటే నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నదే. మావారు, నీ సూచన నమోదైనట్టుంది అన్నారు. నేను నవ్వలేదు.

ఈలోగా పక్కింటి పెద్దాయనకి కూడా ఇలాంటి మీటరే పెట్టి వెళ్ళారు. ఆయనకీ సిగ్నల్ లేదు. ఆయన మీటరు వంటగది సింకు కింద గూట్లో ఉంది, మోకాళ్ళు వంగవు. అందుకని నెలకోసారి నేనే టార్చి పట్టుకుని వెళ్ళి చూసి, ఇంటికొచ్చి మా వైఫై మీద ఆయన రీడింగూ పంపిస్తున్నాను. రేటు ఒకటి, రేటు రెండు, బటన్లు నొక్కుతూ పోతే ఒక్కోటీ వస్తుంది, రాసుకోవాలి. ఎదురింటావిడ కూడా తనది చూడమంది. టీ ఇస్తారు, షార్ట్‌బ్రెడ్ ఇస్తారు. మొన్న పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని నా కాగితం అటూ ఇటూ తిప్పి, "పోయిన నెల కంటే ఇంత ఎక్కువెలా వచ్చింది అమ్మాయ్, సరిగ్గా చూశావా?" అన్నాడు. మళ్ళీ గూట్లో దూరి చూశాను. అంకె సరిగ్గానే ఉంది. బాత్రూంలో చిన్న హీటరు రోజంతా వెలిగించి ఉంచుకుంటున్నాడు మహానుభావుడు. అది ఆపమంటే, వినపడనట్టు కుక్కని పిలిచాడు.